మర్ఫీలందరిదీ ఒకే వంశమా?

ప్రశ్న: మా అమ్మాయి ఐర్లండ్‌లోని కార్క్‌లో ఉద్యోగం చేస్తోంది. వాళ్ల ఆఫీసులో ముగ్గురు మర్ఫీలున్నారు, ఒకరికొకరు ఏమీ కారట. ఈమధ్య ఒక మర్ఫీ ఇంకో మర్ఫీని పెళ్లాడితే మా అత్తగారు నోరెళ్లబెట్టారు. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస కాదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కాదమ్మా. అక్కడ గోత్రం పట్టింపు లేదు. కాథలిక్ చర్చి అడ్డు చెప్పేది దగ్గరి రక్తసంబంధానికే. మన మేనరికానికి వాళ్ల చర్చిలో ప్రత్యేక అనుమతి కావాలి గానీ, సంబంధం లేని ఇద్దరు మర్ఫీలకు అక్కర్లేదు.

మర్ఫీ ఐర్లండ్‌లో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్లనుంచి వస్తే, ఐరిష్ వాళ్లవి ఎక్కువగా ఒక పూర్వీకుడి పేరునుంచి వచ్చాయి. 'ముర్ఖద్' అంటే సముద్ర యోధుడు. దానికి ముందు 'ఓ' చేర్చితే ఆయన వంశం వాళ్లని, 'మాక్' చేర్చితే ఆయన కొడుకని అర్థం. ఆ రోజుల్లో అది బాగా వాడుకలో ఉన్న పేరు కాబట్టి వెక్స్‌ఫర్డ్‌లో, కార్క్‌లో, రాస్‌కామన్‌లో, ఉత్తరాన అర్మా, టైరోన్ వైపు వేర్వేరు వంశాలు పుట్టాయి. ఇంగ్లీషు పాలనలో 17వ శతాబ్దం నుంచి ముందున్న 'ఓ', 'మాక్' రాలిపోయి, అన్నీ మర్ఫీ అనే ఒకే స్పెల్లింగులో పడ్డాయి. 19వ శతాబ్దం చివర్లో ఓసల్లివాన్, ఓకానర్ వంటివాళ్లు 'ఓ'ను తిరిగి పెట్టుకున్నా, మర్ఫీలు ఆ జోలికి పోలేదు.

చాలామంది మర్ఫీలు తమది రాజు డైర్మిట్ మాక్ ముర్ఖద వంశమంటారు. 1166లో తూర్పు ఐర్లండ్‌లోని లీన్‌స్టర్ రాజ్యం పోగొట్టుకుని, ఇంగ్లండ్‌ను ఏలుతున్న నార్మన్లను పిలుచుకొచ్చింది ఆయనే. 1170లో కూతురు ఈఫాను నార్మన్ ప్రభువు స్ట్రాంగ్‌బోకిచ్చి పెళ్లి చేశాడు. అయితే డైర్మిట్ కొడుకు డోనల్ సంతతికి కావనా అనే వేరే ఇంటిపేరు వచ్చింది. కాబట్టి కార్క్ మర్ఫీ ఎవరైనా రాజవంశమంటే నవ్వి ఊరుకోమనండి.

ప్రశ్న: మా మిత్రుడి ముత్తాత తండ్రి మర్ఫీ మద్రాసు సైన్యంలో పనిచేశాడు. ఆయన సొంత ఊరు కనుక్కోవడం ఎలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఐర్లండ్‌లో మొదలుపెడితే వేల మర్ఫీల మధ్య చిక్కుకుంటారు. ఇక్కడినుంచే మొదలుపెట్టండి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ సైనికుల చేరిక పత్రాల్లో కౌంటీ (మన జిల్లా లాంటిది), పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) తరచుగా ఉంటాయి. మీకు కావలసిందదే.

పారిష్ దొరికాక డబ్లిన్ నేషనల్ లైబ్రరీ సైట్ చూడండి. సుమారు 1880 వరకు కాథలిక్ రిజిస్టర్లు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. చాలావాటిల్లో జాన్‌ను జొవానెస్ అని లాటిన్‌లో రాశారు. మర్ఫీని మార్ఫీ అనీ రాసి ఉండొచ్చు. ఒకే ఊళ్లో ఇద్దరు ముగ్గురు జాన్ మర్ఫీలు తగలడం మామూలే, ఎందుకంటే మనలాగే పెద్దకొడుక్కి తండ్రి తరఫు తాత పేరు పెట్టేవాళ్లు. అందుకే తల్లి పుట్టింటి పేరు, సాక్షుల పేర్లు రెండూ సరిపోల్చండి. తండ్రి పేరొక్కటే కలిసిందని సంబరపడితే పక్కింటి వాళ్ల వంశవృక్షం తయారవుతుంది.

1864 నుంచి అందరి జననాలూ మరణాలూ ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నాయి. జనాభా లెక్కల జోలికి ముందే పోవద్దు. 1901కి ముందువి చాలావరకు లేవు: 1821 నుంచి 1851 దాకా ఉన్నవాటిలో ఎక్కువభాగం 1922లో డబ్లిన్ రికార్డుల భవనంతో కాలిపోయాయి, 1861 నుంచి 1891 దాకా ఉన్నవాటిని ప్రభుత్వమే నాశనం చేసింది. వాటి బదులు 1847–1864 మధ్య జరిగిన గ్రిఫిత్ శిస్తు మదింపు చూడండి. అందులో ఇంటివాళ్లలో కౌలుదారు పేరు మాత్రమే ఉంటుంది, భార్యాపిల్లలుండరు.