జనరేటర్ ఆగి ఉన్నా ‘లో ఆయిల్ ప్రెషర్’ అలారం ఎందుకు వస్తోంది?

చాలాసార్లు లోపం ఇంజిన్‌లో ఉండదు, జనరేటర్‌ను నడిపే కంట్రోలర్‌లో, స్విచ్ వైరు వచ్చి కలిసే ఇన్‌పుట్ సెట్టింగ్‌లో ఉంటుంది. మామూలు ఆయిల్ ప్రెషర్ స్విచ్ కాంటాక్టులు ఇంజిన్ ఆగినప్పుడు కలిసి ఉంటాయి, ప్రెషర్ వచ్చాక విడిపోతాయి. అందుకే ‘కలిస్తే అలారం’ అని పెట్టి, ఇంజిన్ స్టార్టయిన కొన్ని సెకన్ల తర్వాతే దాన్ని గమనించమని చెప్పాలి. ‘ఎల్లప్పుడూ’ గమనించమని పెడితే మీకొచ్చిన సమస్యే వస్తుంది.

అయితే బిగించింది స్విచ్చేనా, సెండరా (ప్రెషర్ ఎంతుందో ఓమ్‌ల మార్పుతో తెలిపే సెన్సార్)? ఇంజిన్ ఆపి, వైరు విప్పి, టెర్మినల్‌కూ బాడీకీ మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. దాదాపు సున్నా ఓమ్ అయితే స్విచ్. 10 ఓమ్ దగ్గరైతే యూరప్ రకం సెండర్, ప్రెషర్‌తో పాటు ఓమ్‌లు పెరుగుతాయి. 240 దగ్గరైతే అమెరికన్ రకం, అందులో తగ్గుతాయి. ఇక్కడ కర్వ్ (ఏ ఓమ్‌కు ఎంత ప్రెషరో కంట్రోలర్‌కు చెప్పే సెట్టింగ్) తారుమారు చేస్తే ప్రెషర్ లేకపోయినా నిండుగా ఉన్నట్టు చూపిస్తుంది. అలారం అనవసరంగా మోగడం కంటే ఇది చాలా ప్రమాదం, దయచేసి తొందరపడకండి.

ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ఇన్‌పుట్ మాత్రం ‘విడిపోతే అలారం, ఎల్లప్పుడూ’ అనే ఉండాలి. అప్పుడు వైరు తెగినా ఇంజిన్ ఆగుతుంది.

స్విచ్ అయితే చివరగా, లోడ్ లేకుండా ఇంజిన్ నడిపి, దాని వైరును బాడీకి తాకించండి. వెంటనే ఆగిపోవాలి.