పాఠకుల ప్రశ్నలు: రాత్రి ఉద్యోగం, పగటి చదువు, మధ్యలో పోతున్న నిద్ర

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. తిరుపతిలోని ఒక ప్రైవేటు కాలేజీలో బి.కాం. రెండో సంవత్సరం చదువుతున్నాను. మేము బి.సి. వర్గానికి చెందినవాళ్లం. నాన్న టమాట సాగులో నష్టపోయి అప్పుల్లో ఉన్నారు. ఇంటికి భారం కాకూడదని రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో చేరాను. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా డ్యూటీ, వారంలో సెలవంటూ లేదు. నెలకు 11,000 రూపాయలు ఇస్తారు. గదికీ భోజనానికీ 6,500 పోగా, చెల్లెలి ఇంటర్ చదువు కోసం 4,000 ఇంటికి పంపిస్తాను. కాలేజీ ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకు పడుకుని రాత్రి తొమ్మిదికి లేస్తాను. ఈ మధ్య పాఠం వింటూనే నిద్రపోతున్నాను. హాజరు 61 శాతానికి పడిపోయింది, రెండు పేపర్లు తప్పాను. పోయిన వారం డ్యూటీ దిగి బండి మీద గదికి వస్తూ కునుకు పట్టి డివైడర్‌ను రాసుకున్నాను, దెబ్బలేమీ తగల్లేదు. దేని మీదా ఆసక్తి ఉండటం లేదు. లాడ్జిలో పగటి పని చేస్తున్నానని ఇంట్లో చెప్పాను. సమయాన్ని ఎలా సర్దుకోవాలో ఒక టైంటేబుల్ చెప్పగలరా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, తిరుపతి

జవాబు: బాబూ, మీరు టైంటేబుల్ అడిగారు, కానీ మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ డివైడర్ సంగతి. దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ముందుగా అక్కడి నుంచే మొదలుపెడతాను. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య మన శరీరం చురుకుదనంలో అట్టడుగున ఉంటుంది. ఆ సమయమంతా మేలుకుని ఉండి, ఆరు గంటలకు బండి ఎక్కేవారికి కళ్లు తెరిచి ఉండగానే కొన్ని క్షణాల పాటు మెదడు నిద్రలోకి జారిపోవచ్చు. అలా జారిన సంగతి ఆ మనిషికి తెలియదు, కాబట్టి జాగ్రత్తగా నడుపుదామన్న పట్టుదల అక్కడ పనికిరాదు. రేపటి నుంచే, ఈ ఉద్యోగం మారేదాకా, డ్యూటీ దిగిన తరువాత బండి తీయకండి. బస్సులోనో షేర్ ఆటోలోనో గదికి వెళ్లండి. అది కుదరని రోజున లాడ్జిలోనే ఇరవై నిమిషాలు పడుకుని, ముఖం కడుక్కుని, కాసేపు అటూ ఇటూ నడిచిన తరువాత గానీ బయలుదేరవద్దు.

ఇక టైంటేబుల్ విషయం. మీరు రోజుకు మూడున్నర గంటలే నిద్రపోతున్నారు. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 2003లో వెలువరించిన ఒక అధ్యయనంలో, రెండు వారాల పాటు రాత్రికి ఆరు గంటలే నిద్రపోయినవారి ఏకాగ్రత ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివారి స్థాయికి దిగజారింది. అయినా వారిలో చాలామంది తమకు కొద్దిగా మగతగా ఉందని మాత్రమే అనుకున్నారు. ఆరు గంటలు నిద్రపోయినవారి స్థితే అది అయితే, మీరు పాఠం మధ్యలో నిద్రపోవడంలో మీ తప్పు ఏముంది? మీకు క్రమశిక్షణ తక్కువని ఎవరైనా అంటే నమ్మవద్దు. మీ రోజులో సర్దుకోవడానికి మిగిలిన గంటలే లేవు. అందుకని ఎంత చక్కని టైంటేబుల్ గీసినా అది మళ్లీ నిద్రలోనే కోత పెడుతుంది. మార్చవలసింది ఉద్యోగ వేళలను.

రోజుకు 8 గంటల చొప్పున ఏడు రోజులంటే వారానికి 56 గంటలు. మన రాష్ట్రంలో లాడ్జీలకు, దుకాణాలకు వర్తించే 1988 నాటి చట్టం వారానికి 48 గంటల పనినీ, ఒక రోజు సెలవునూ నిర్దేశించింది. వారాంతపు సెలవు యజమాని దయతో ఇచ్చేది కాదు, మీకు రావలసినదే. అయితే చట్టం పుస్తకం పట్టుకుని ఆయన ముందు నిలబడమని నేను చెప్పను. బ్రహ్మోత్సవాల రద్దీకి, వైకుంఠ ఏకాదశికి ముందు నమ్మకమైన మనిషి దొరకడం వారికీ కష్టమే. మీరు ఇన్నాళ్లు రాత్రి కౌంటర్ నిలబెట్టిన మనిషి, కాబట్టి మీ మాటకు విలువ ఉంటుంది. సాయంత్రం 5 నుంచి రాత్రి 10 దాకా, వారానికి ఆరు రోజులు చేస్తానని అడగండి. దర్శనం ముగించుకుని కొండ దిగినవారు, సాయంత్రపు రైళ్లలో దిగినవారు గదుల కోసం వచ్చే వేళ కాబట్టి ఆ పూట కౌంటర్‌లో మరొక మనిషి ఉండటం ఆయనకూ లాభమే. ఆయన ఒప్పుకోకపోతే వేరే లాడ్జిలోనో, మందుల షాపులోనో అడిగి చూడండి. మీరు బి.కాం. విద్యార్థి, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ కొద్దిగా వచ్చి ఉంటే చిన్న దుకాణాలకు జి.ఎస్.టి. లెక్కలు ఎక్కించే పని సాయంత్రం వేళల్లో దొరికే అవకాశం ఉంది. నాకైతే అన్నిటికంటే అదే నచ్చుతుంది, ఎందుకంటే ఆ పనిలో గడిపిన గంట మీ చదువుకూ పనికొస్తుంది.

జీతం తగ్గుతుంది కదా అని మీరు అడుగుతారు. తగ్గుతుంది. ఇప్పుడిస్తున్న లెక్క ప్రకారమే కట్టినా, వారానికి 30 గంటలకు నెలకు దాదాపు 5,900 రూపాయలు వస్తాయి. అందుకే రెండో వైపు కూడా చూడాలి. మీ జీతంలో సగానికి పైగా గదికీ భోజనానికీ పోతోంది. బి.సి. సంక్షేమ శాఖ కాలేజీ విద్యార్థుల కోసం వసతి గృహాలు నడుపుతోంది, వాటిలో వసతి, భోజనం ఉచితం. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, కాలేజీ బోనఫైడ్ తీసుకుని జిల్లా బి.సి. సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఖాళీ ఉందేమో అడగండి. ఇప్పుడు లేకపోతే దరఖాస్తు ఇచ్చి, వచ్చే విద్యా సంవత్సరానికైనా పేరు పెట్టించుకోండి. రాత్రి పదిన్నరకు చేరుకుంటానని వార్డెన్‌కు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. సీటు దొరికితే ఇంటికి 4,000 పంపినా మీ చేతిలో 1,900 మిగులుతాయి. ఇప్పుడు మీకు మిగులుతున్నది 500 మాత్రమే. సీటు దొరకని పక్షంలో కొన్ని నెలలు ఇంటికి పంపే డబ్బు తగ్గించక తప్పదు, అందుకు నాన్నగారితో మాట్లాడక తప్పదు.

నాన్నగారికి నిజం చెప్పడానికి మీరు వెనుకాడటం అర్థమవుతోంది. పంట పోయి కుంగిపోయిన మనిషికి మరో బాధ ఎందుకని మీ ఉద్దేశం. అయితే మీ హాజరు 61 శాతానికి చేరిన సంగతి దాచడం వల్ల ఆయనకు జరిగే నష్టం ఇంకా పెద్దది. పరీక్షలకు కూర్చోవాలన్నా, ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలన్నా 75 శాతం హాజరు ఉండాలి. ఆ డబ్బు ఆగిపోతే కాలేజీ ఫీజు మీ ఇంటి మీదే పడుతుంది, అది మీరు పంపే నెలసరి డబ్బును మించిపోవచ్చు. ఈ లెక్క ఆయనకు చెప్పండి. ఫోన్‌లో వద్దు, ఒక ఆదివారం ఊరికి వెళ్లి, భోజనాలయ్యాక అమ్మ కూడా ఉన్నప్పుడు చెప్పండి. జీతం, ఖర్చు, హాజరు, తప్పిన పేపర్లు ఒక కాగితం మీద రాసుకుని వెళితే మాట తడబడదు. చెల్లెలిని కూడా కూర్చోబెట్టుకోండి, ఆ అమ్మాయి చదువు కోసమే ఇదంతా జరుగుతోంది కాబట్టి ఆమెకూ తెలియాలి.

కాలేజీలో మీ విభాగాధిపతిని ఈ వారమే కలవండి. సెమిస్టర్ చివరి వారంలో వెళ్లి బతిమాలే విద్యార్థి మాట కంటే, ఇప్పుడే వెళ్లి ఫలానా తేదీ నుంచి ప్రతి క్లాసుకూ వస్తానని చెప్పే విద్యార్థి మాటకు విలువ ఎక్కువ. మిగిలిన పనిదినాలన్నీ హాజరైతే 75 శాతానికి ఎంత దగ్గరకు రాగలరో ఆఫీసులో లెక్క కట్టించుకోండి. కొద్దిగా తక్కువైనప్పుడు మినహాయింపు కోసం దరఖాస్తు ఎలా పెట్టాలో కూడా అక్కడే అడగండి.

తప్పిన పేపర్ల చదువు గురించి క్లుప్తంగా చెబుతాను. నోట్సును పదేపదే చదవడం మానేసి, ఒకసారి చదివిన తరువాత పుస్తకం మూసి గుర్తున్నంత రాసి చూసుకోండి. 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగాల్లో, మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, కానీ వారం తరువాత పెట్టిన పరీక్షలో గుర్తు తెచ్చుకుంటూ సాధన చేసినవారే వారిని మించిపోయారు. సాయంత్రపు ఉద్యోగం కుదిరితే రాత్రి పదకొండుకు పడుకుని ఉదయం ఆరున్నరకు లేవవచ్చు. కాలేజీకి ముందు దొరికే గంటన్నర, రెండు గంటలు ఈ పద్ధతిలో చదివితే, మగతలో రాత్రంతా కౌంటర్ దగ్గర తెరిచి పెట్టుకున్న పుస్తకం కంటే ఎంతో ఎక్కువ ఇస్తాయి. చదివినది జ్ఞాపకంలో స్థిరపడేది కూడా నిద్రలోనే.

దేని మీదా ఆసక్తి ఉండటం లేదని రాశారు. చాలామటుకు అది నిద్ర లేమి వల్ల కావచ్చు. రెండు వారాలకు మించి అలాగే ఉంటే మాత్రం నిద్ర సర్దుకునేదాకా ఆగకుండా సహాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, దానికి డబ్బేమీ కట్టనక్కరలేదు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి నేరుగా వెళ్లవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి తోచినా ఆ రోజే ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అమ్మాయి బి.ఎస్సీ. చదువుతూ సాయంత్రం ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది. ఎనిమిది గంటలు నిద్రపోతుంది, అయినా ఎప్పుడు చూసినా అలసటే, మెట్లెక్కితే ఆయాసం. పొద్దున కాఫీ తాగి వెళ్లిపోతుంది. బద్ధకమని వాళ్ల నాన్న కోప్పడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు. గర్భిణులు కాని స్త్రీలకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి ఈ సమస్య ఉంది. కాబట్టి ఎనిమిది గంటలు నిద్రపోయి కూడా అలసిపోయే అమ్మాయిని బద్ధకస్తురాలు అనేముందు రక్తం చూడటం న్యాయం. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటోందేమో మీరే మెల్లగా అడిగి డాక్టరుకు చెప్పండి, ఆడపిల్లలు దాన్ని మామూలే అనుకుని చెప్పరు. థైరాయిడ్ పరీక్ష అవసరమేమో కూడా డాక్టరునే అడగండి.

కాఫీ, టీ భోజనంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. వాటికీ భోజనానికీ కనీసం గంట ఎడం ఉండేలా చూడండి. ఆకుకూర పప్పు మీద నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. బెల్లం, ఖర్జూరంతోనే సరిపెట్టుకోవద్దు, రక్తహీనత తేలితే మాత్రలు తప్పవు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చిన తరువాత కూడా ఒంట్లో ఇనుము నిల్వలు నిండటానికి దాదాపు మూడు నెలలు మాత్రలు కొనసాగించవలసి ఉంటుంది. చాలామంది నీరసం తగ్గగానే ఆపేస్తారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ట్యూషన్‌కు వచ్చే పిల్లల సంఖ్య తగ్గించుకోమనండి. ఆ కాగితం ఇంటికి వచ్చాక ముందుగా వాళ్ల నాన్న చేతికే ఇవ్వండి.