కంట్లో చిప్ పెడితే పోయిన చూపు వస్తుందా? ఆ చిప్ మెత్తగా ఎందుకుండాలి?

మనకున్నలాంటి చూపు రాదు. వెలుగు, నీడ, తలుపు అంచు, ఎదురుగా ఎవరో కదులుతున్నారన్న ఆచూకీ, ఎక్కువమందికి అంతవరకే.

రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు చాలామందిలో రేచీకటితో మొదలవుతుంది. ఇందులో వెలుగును పట్టే కణాలు చనిపోతాయి గానీ, వాటి నుంచి సంకేతం అందుకునే నరాల కణాలు కొంతవరకు బతికే ఉంటాయి. వాటిని కరెంటుతో తట్టి లేపడమే ఈ చిప్ (ఇంప్లాంట్) పని. ఆర్గస్ 2 అనే పరికరానికి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. కళ్లజోడులోని కెమెరా తీసిన దృశ్యం వైర్లు లేకుండానే కంటికి చేరుతుంది. అక్కడ రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) మీద అమర్చిన 60 ఎలక్ట్రోడ్‌లు (కరెంటు ఇచ్చే చిన్న బిందువులు) దాన్ని మినుకుమనే చుక్కలుగా మారుస్తాయి. ఫోన్ ఫొటోలో లక్షల చుక్కలుంటాయి, ఇక్కడ అరవై!

ఇక మెత్తదనం సంగతి. రెటీనా గిన్నె లోపలి వైపులా వంపుగా, తడిసిన కాగితంలా సున్నితంగా ఉంటుంది. బిరుసైన పెద్ద పలక పెడితే ఒకచోట గుచ్చుకుంటుంది, మరోచోట ఎడం వస్తుంది. ఎడం పెరిగేకొద్దీ ఎక్కువ కరెంటు కావాలి, అది పక్కలకు పాకి చుక్కలు అలుక్కుపోతాయి. అందుకే ఎలక్ట్రోడ్‌లను పల్చటి, వంగే పాలిమర్ పొర మీద అమరుస్తారు.

గ్లాకోమాతో కంటి నరమే దెబ్బతింటే ఇది పనికిరాదు, ఎందుకంటే సంకేతం మెదడుకు వెళ్లే దారే ఉండదు.

ఒక్క మాట: ఆర్గస్ 2 తయారీని కంపెనీ 2019లో ఆపేసింది. పెట్టించుకున్నవాళ్లకు రిపేర్లు, విడిభాగాల టెన్షన్ మిగిలింది.