కొత్త బ్రేక్ ప్యాడ్లు వేయించినా కీచుమంటున్నాయి, రేసింగ్ ప్యాడ్లు తెప్పించుకోవాలా?

సెకండ్‌హ్యాండ్‌లో శాన్ స్టార్మ్ అనే చిన్న స్పోర్ట్స్ కారు కొన్నానని, నెల్లూరులో ముందు చక్రాలకు కొత్త ప్యాడ్లు వేయించిన వారానికే కీచుమంటున్నాయని, బ్రేక్ తొక్కితే బండి ఎడమకు లాగుతోందని రాశారు. స్నేహితుడు రేసింగ్ ప్యాడ్లు వేయించుకోమన్నాడట. ఈ కారుకు ప్యాడ్లే దొరకవని కొన్ని షాపులవాళ్లు అన్నారట.

వద్దండి. నేనూ అదే కారు నడుపుతున్నాను, అదే సలహా విని డబ్బు తగలేశాను.

ఫైబర్ బాడీ, రెండే సీట్లు, 1.2 లీటర్ల రెనో ఇంజన్. ఇంత తేలిక బండిని ఆపడానికి బ్రేకులు పెద్దగా కష్టపడక్కర్లేదు, అందుకే పెద్దగా వేడెక్కవు కూడా. రేసింగ్ ప్యాడ్ బాగా కాగితే తప్ప పట్టని రకం. ట్రాక్ మీద మలుపు మలుపుకీ గట్టిగా తొక్కుతారు కాబట్టి అక్కడ సరిపోతుంది. మనకు పొద్దున్నే ఇల్లు దాటగానే సందు చివర గేదె అడ్డమొస్తుంది. అప్పుడు పట్టాల్సింది చల్లగా ఉన్న ప్యాడ్. నేను వేయించిన గట్టి ప్యాడ్లు ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో ఒక్కనాడూ సరిగ్గా పట్టలేదు, కీచు మాత్రం రెట్టింపైంది. మామూలు రోడ్డు ప్యాడ్లే చాలు.

ఇక బండి ఎడమకు లాగడం సంగతి. ఇలాంటప్పుడు చాలామంది ఎడమ చక్రమే విప్పుతారు. కానీ బ్రేక్ తొక్కినప్పుడు బండి బాగా పట్టిన వైపుకు లాగుతుంది. అంటే మీ ఎడమ చక్రం తన పని తాను చేస్తోంది, చేయనిది కుడిది కావచ్చు. ముందు అక్కడ చూడండి.

మా ఇల్లు మైపాడు వెళ్లే దారిలో. సముద్రపు గాలికి తోడు రొయ్యల లారీలు దారి పొడుగునా ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఒకసారి నా బండీ ఇలాగే లాగితే కుడి చక్రం విప్పాను. డిస్క్‌కు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేనికి, లోపలి వైపున్న ప్యాడ్ వెనక రేకు దాకా అరిగిపోయి ఉంది, బయటిది సగం కూడా అరగలేదు. ఈ రెండు ప్యాడ్లనూ డిస్క్‌కు నొక్కే పట్టునే క్యాలిపర్ అంటారు. అది అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులు ఉంటాయి. వాటిలో కింది పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. క్యాలిపర్‌లోని పిస్టన్ లోపలి ప్యాడ్‌ను తోస్తోంది కానీ, క్యాలిపర్ జరగక బయటి ప్యాడ్ డిస్క్ మీదికి రావడం లేదు. అంతకుముందు ప్యాడ్లు మార్చినాయన ఆ పిన్నుకు మామూలు బేరింగ్ గ్రీజు పూశాడు. పెట్రోలియం గ్రీజు తగిలితే పిన్ను మీది రబ్బరు తొడుగు, అంటే బూటు, ఉబ్బి వదులవుతుంది, అక్కడినుంచి నీళ్లు దిగుతాయి. పిన్నులు బయటికి లాగి ఉప్పు కాగితంతో రుద్ది, బ్రేకుల కోసమే వచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాసి, కొత్త బూట్లు వేశాను. బండి లాగడం ఆగిపోయింది. ప్యాడ్ రెండు చివర్లూ కూర్చునే గాడిలో కూడా తుప్పు గీకేయండి. ప్యాడ్ అక్కడ వేలితో తోస్తే కదలాలి, సుత్తితో కొట్టి ఎక్కించే పరిస్థితి ఉండకూడదు. నేను చూసినంతలో కీచులో సగం అక్కడిదే.

మీ కారుకు ప్యాడ్లు దొరకవని చెప్పిన షాపులు అబద్ధం చెప్పలేదు, ఆ పేరుతో దొరకవు. ఆటోనగర్‌లో ఒక భాయ్ నాతో అన్నాడు, "అన్నా, బండి పేరు చెప్పొద్దు, ప్యాడ్ చూపించు" అని. పాత ప్యాడ్ కడిగి పట్టుకెళ్లండి. వెనక రేకు ఆకారం, రెండు చివర్లలో పొడుచుకొచ్చిన చెవుల మధ్య దూరం, మొత్తం మందం కొలిచి సరిపోయేది తీయించండి. కాస్త పెద్దదైతే గ్రైండర్ పట్టిస్తానంటారు, ఒప్పుకోకండి.

బిగించేటప్పుడు జాకీ ఫైబర్ కింద పెట్టకండి, పగులుతుంది. ఇనుప ఛాసిస్ కింద పెట్టి, స్టాండు వేసి, విప్పిన చక్రాన్ని కూడా కారు కిందికి దొర్లించండి. విప్పిన క్యాలిపర్ బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడకూడదు, తీగతో పైకి కట్టండి. దుమ్మును నోటితో ఊదవద్దు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. పిస్టన్‌ను సి క్లాంపుతో మెల్లగా వెనక్కి నెట్టేటప్పుడు పైన బ్రేక్ ఆయిల్ డబ్బా మీద ఓ కన్నుండాలి. నేను చూసుకోలేదు. ఆయిల్ పొంగి బానెట్ అంచున అరచేతంత రంగు ఊడిపోయింది. పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి. ఆ ఆయిల్ రెండేళ్లు దాటి ఉంటే ఎలాగూ మార్చించండి, గాలిలో తేమను పీల్చుకుంటుంది. మన తీరంలో తేమకు కొదవా?

చక్రం బిగించాక, ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడే దాకా తొక్కుతూ ఉండండి. వెనక్కి నెట్టిన పిస్టన్ మళ్లీ ప్యాడ్‌ను తాకాలంటే అన్ని తొక్కులు పడతాయి. నేను ఇది మరిచి మొదటి గేరు వేశాను, పెడల్ నేలకు తాకింది. గేటు అడ్డం వచ్చింది కాబట్టి సరిపోయింది. దాని మీది సొట్ట చూపించి మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు కథ చెబుతుంది.

చివరగా, కొత్త ప్యాడ్ డిస్క్‌తో కలిసిపోవాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని, అరవైలో వెళ్తూ ఇరవైకి తగ్గేలా గట్టిగానే, కానీ చక్రం జారకుండా తొక్కండి. పూర్తిగా ఆపొద్దు. మధ్యలో కాస్త వ్యవధి ఇస్తూ ఎనిమిది, పదిసార్లు ఇలా చేసి, తర్వాత బ్రేక్ ముట్టకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి. కోతల సీజన్ అయితే రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట ఈ పని పెట్టుకోకండి. గింజల మీద ఏ ప్యాడ్ వేసినా బండి ఆగదు.

ముందు ఆ కుడి చక్రం పిన్నులు రెండూ లాగి చూడండి. చేత్తో జరగకపోతే ఒక ఫొటో పెట్టండి, బూట్లు కూడా కనిపించేలా.