ముందు పిల్లల్ని చెత్త ఆటో దగ్గరికి తీసుకెళ్ళండి

"ఆరో తరగతి పిల్లలకు మన చుట్టూ ఉండే హీరోల గురించి, సమాజ సేవ గురించి ఎలా చెప్పాలి?" అని అడిగారు. బెంగళూరులో 12 ఏళ్ళుగా టీచర్‌గా ఉన్నాను. నేనైతే చార్టులు పక్కన పెట్టేయమంటాను.

మొదటి రెండేళ్ళు నేనూ చార్టులే వేయించాను. సైనికుడు, డాక్టరు, క్రికెటరు, ఓ మూల చీపురు పట్టుకున్న మనిషి. గోడకు అంటించాం, మార్కులు వేశాం. ఆ బొమ్మలోని మనిషి రోజూ మా బడి ముందే ఊడుస్తోందన్న సంగతి పిల్లలకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మూడో ఏడు మా వీధి పౌరకార్మికురాలిని (పారిశుద్ధ్య కార్మికులను ఇక్కడ అలా అంటారు) అడిగాను, పిల్లలతో ఓ పావుగంట మాట్లాడతారా అని. నేను కన్నడంలో అడిగితే ఆవిడ తెలుగులో జవాబిచ్చింది. వాళ్ళది మడకశిర పక్క పల్లె. ఈ ఊరి వీధులు ఊడ్చేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. మనం అపార్ట్‌మెంట్లలో ఉగాది ఘనంగా చేసుకుంటాం. ఆ పొద్దున గేటు ముందు ఊడ్చిన తెలుగావిడకు ఓ గ్లాసు పచ్చడి ఇచ్చినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. నాకిది చాలా బాధగా ఉంటుంది.

పిల్లల్ని చెత్త ఆటో దగ్గరికి, ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడను "మీరు" అనాలని ముందే గట్టిగా చెప్పాను. ఒక అబ్బాయి అడిగాడు: "ఆంటీ, మా ఇల్లు ఏదో మీకు తెలుసా?"

"తెలీకేం నాయనా, పచ్చ గేటిల్లు గదా. మీయమ్మ పాల కవర్లు కడిగి ఆరబెట్టి ఇస్తాది. మీ పక్కింటోళ్ళు అన్నీ ఒకటే కవర్లో కుక్కుతారు."

ఆ పక్కింటి పిల్ల అక్కడే ఉంది. తల దించుకుంది. నాకు గుండె గుభేలుమంది, పాఠం చెప్పబోయి పిల్లను నలుగురిలో నిలబెట్టానా అని. ఆవిడకు ఇదేం తెలీదు, అరచేయి చాపి చూపిస్తోంది: "ఇది ట్యూబ్‌లైటు ముక్క గీసింది. ఇది మందు సీసా." తర్వాత ఆడపిల్లల వైపు తిరిగి గొంతు తగ్గించింది: "ప్యాడ్లు పేపర్లో చుట్టి వేరేగా ఇయ్యండి తల్లీ. ఏరేది మేమే గదా." తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే వేరు చేయాలని, ప్యాడ్లు చుట్టి ఇవ్వాలని 2016 నుంచి దేశమంతటికీ నియమం ఉంది. నియమం చదివి ఉంటే ఆ పిల్లలకు గుర్తుండేది కాదు, ఆ అరచేయి గుర్తుంది.

సేవా గంటలు, సర్టిఫికెట్లు అంటారే, వాటి మీద నాకు నమ్మకం పూర్తిగా పోయింది. కొత్త చీపుళ్ళు కొని, అప్పటికే ఊడ్చిన రోడ్డును మళ్ళీ ఊడిపించి ఫోటోలు తీస్తారు. పౌరకార్మికులకు శాలువా కప్పడానికి ఎండలో గంటసేపు నిలబెడతారు. శాలువా కప్పిన చేతులే మర్నాడు పగిలిన గాజు కవర్లో వేస్తాయి. వాళ్ళ పని కొంచెమైనా తేలిక చేయని గౌరవం పిల్లలకు నేర్పకండి. మీరూ తీసుకెళ్తే వాళ్ళకు వీలైన సమయమేదో ముందే కనుక్కోండి. టిఫిన్ తినే ఆ కాస్త సమయంలో మాత్రం వద్దు.

పది రోజుల తర్వాత ఆ పక్కింటి పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో బల్బు పగిలిందట, పేపర్లో చుట్టిందట, పైన "గాజు" అని రాయాలట. "ఆంటీకి చదవడం వచ్చా మేడం?" అంది. నాకు తెలీదన్నాను. తనే వెళ్ళి అడిగింది. రాదంది ఆవిడ. దాంతో ఎర్ర స్కెచ్‌పెన్నుతో పగిలిన గ్లాసు బొమ్మ గీసి ఇచ్చింది. ఇప్పుడు ఆ వీధిలో నాలుగిళ్ళ వాళ్ళు గాజు పొట్లాల మీద అదే బొమ్మ వేస్తున్నారు.