నీ ప్యాచ్‌లోని ఆ 'ఇఫ్' గురించి

చిరంజీవి తమ్ముడికి,

లినక్స్ బ్లూటూత్ కోడుకు నువ్వు రాసిన మొదటి ప్యాచ్ (కోడులో మార్పు) చదివాను. కోడు శుభ్రంగా ఉంది. ఒక్కచోట ఆగిపోయాను: పరికరం తన గుర్తింపుగా చెప్పుకునే యూఎస్‌బీ ఐడీ ఫలానాదైతే ('ఇఫ్') చిప్‌లో సౌకర్యం ఉన్నట్టే అని రాసేశావు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత విన్నావు కదా!

సీఎస్ఆర్ అనే చిప్ కంపెనీ వారి ఐడీ 0ఏ12:0001 తగిలించుకున్న డాంగిళ్లలో (యూఎస్‌బీలో గుచ్చే బ్లూటూత్ పరికరాల్లో) నకిలీలకు లెక్కలేదు. లినక్స్‌లో ఈ డాంగిళ్లను నడిపే బీటీయూఎస్‌బీ డ్రైవర్ తెరిచి చూడు. చిప్ చెప్పే తయారీదారు సంఖ్య సీఎస్ఆర్‌ది, అంటే 10, కాకపోతే నకిలీ. 10 అయినా, చెప్పుకున్న బ్లూటూత్ వెర్షన్‌కూ ఎల్ఎంపీ సబ్‌వెర్షన్‌కూ (చిప్ లోపలి ఫర్మ్‌వేర్ కూర్పు సంఖ్యకూ) పొంతన లేకపోతే నకిలీయే. అలాంటిదొకటి నా చేతిలోనూ పడింది. ఒక ఆదేశం తనకు తెలుసని, తను ఇచ్చే ఆదేశాల పట్టికలో చెప్పింది. పంపితే ఉలుకూ పలుకూ లేదు, రెండు సెకన్లకు టైమవుట్. మూడు రాత్రులు నా కోడునే అనుమానించాను.

చిప్‌నే అడిగితే సరి అంటావేమో. ప్రామాణిక ఆదేశాలకైతే 64 బైట్ల పట్టిక ఇస్తుంది. కంపెనీల సొంత ఆదేశాలకు అందులో చోటు లేదు. వాటికి 3ఎఫ్ అనే వర్గం వదిలేశారు. అక్కడ ఎవరి సంఖ్యకు వారిదే అర్థం. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్‌కు (మైక్రోసాఫ్ట్ నిర్వచించిన అదనపు సౌకర్యాలకు) ఆదేశ సంఖ్య ఇంటెల్ చిప్పుల్లో ఎఫ్‌సీ1ఈ, రియల్‌టెక్‌లో ఎఫ్‌సీఎఫ్0. ఒకరి దగ్గర మామూలు ప్రశ్న మరొకరి దగ్గర ఫర్మ్‌వేర్‌ను చెడగొట్టే ఆదేశం కావచ్చు. కాబట్టి కనబడ్డ తలుపల్లా తట్టకు. చిప్ ఎవరిదో డ్రైవర్ ముందు తేల్చుకోవాలి, ఆ చిప్‌కు తగిన ఆదేశ సంఖ్యను బ్లూటూత్ కోర్‌కు (అన్ని డ్రైవర్లకూ ఉమ్మడి భాగానికి) చెప్పాలి, ఆ తర్వాతే కోర్ అడుగుతుంది. జవాబులో సౌకర్యాలు చెప్పే 8 బైట్లలో ఒక్కో బిట్ ఒక్కో సౌకర్యం. ఒకటి ఉందని పక్కది ఉందనుకోకు.

చిప్ సామర్థ్యాలు అడిగే ఆండ్రాయిడ్ వారి ఆదేశం ఎఫ్‌డీ53 ఇంకొంచెం చిక్కు. వెర్షన్ పెరిగేకొద్దీ జవాబు పొడుగవుతుంది. పొడవు కొలవకుండా చివరి బైటు చదివావంటే పాత చిప్‌లో చెత్త చదివినట్టే. జవాబు పొట్టిగా ఉంటే ఆ సౌకర్యం లేదని రాసుకుని ముందుకు సాగు. 'తెలియని ఆదేశం' అనే తప్పు సంకేతం 01 వచ్చినా అంతే, అదీ జవాబే. దానికోసం పరికరం మొత్తాన్ని ఆపేయడం నువ్వు చేసిన రెండో తప్పు, అది చిన్నదే.

ఆ 'ఇఫ్' సరిచేసి, బీటీమాన్ ట్రేస్ (చిప్‌తో జరిగిన ఆదేశాల, జవాబుల నమోదు) జతచేసి మళ్లీ పంపు. నకిలీ డాంగిల్ ఇంకా నా సొరుగులోనే ఉంది, దానిమీదా నడిపి చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య