ఇంజెస్ట్ అంటే జీర్ణించుకోవడం కాదు

నర్సింగ్ పరీక్షలో 'నాణెం ఇంజెస్ట్ చేసిన పిల్లాడు' అన్నదానికి తెలుగులో 'జీర్ణించుకున్న' అని రాస్తే మార్కు పోయిందన్నారు కదా. జీర్ణించుకోవడం అనే అర్థమున్న డైజెస్ట్‌తో కలిసిపోయింది, అంతే.

1. రెండింటిలోనూ ఉన్న 'జెస్ట్' లాటిన్ క్రియ 'గెరెరే' నుంచి వచ్చింది. అర్థం మోయడం. సజెస్ట్, కంజెషన్ కూడా ఈ ఇంటివే.

2. అందరూ దాటేసేది ముందున్న ముక్కను. 'ఇన్' అంటే లోపలికి, 'డిస్' (డైజెస్ట్‌లో 'డై' అయింది) అంటే విడివిడిగా. కాబట్టి ఇంజెస్ట్ అంటే నోటి గుండా కడుపులోకి చేర్చడం మాత్రమే. లోపలికి పోయాక ఏమైందో ఆ మాట చెప్పదు. నాణేన్ని ఇంజెస్ట్ చేయొచ్చు, డైజెస్ట్ చేయలేం. ఉగ్గాని (బొరుగుల ఉప్మా)కి రెండూ జరుగుతాయి (పక్కన పెట్టే మిరపకాయ బజ్జీకి నా హామీ లేదు).

3. మీది నర్సింగ్ పేపరన్నారు కాబట్టి దారి కూడా చూసుకోండి. మన అనంతపురం పల్లెల్లో పిల్లలు నోట్లో వేసుకునే చెనిక్కాయ (వేరుశనగ) గింజ కడుపులోకి పోతేనే ఇంజెస్ట్. గాలిగొట్టంలోకి పోతే ఆస్పిరేట్. అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన కేసు.

4. మీ వాక్యానికి 'నాణెం మింగిన పిల్లాడు' చాలు. మందులు, రసాయనాల విషయంలో 'నోటి ద్వారా తీసుకున్న' అని రాయండి.